హింటర్‌లౌయికి అధ్యక్షుడు కావలెను

కొండ మీది మా హింటర్‌లౌయి ఊళ్ళో పంచాయతీ అధ్యక్ష పదవికి ఎవరూ పోటీ చేయరు. పదవే మనుషుల వెంట పడుతుంది. గ్రామసభలో ఎవరో ఒకరు ఒక పేరు పలుకుతారు, చేతులు లేస్తాయి, అంతే. ఎన్నికైనవాళ్ళు వద్దనడానికి మా చట్టం ఒప్పుకోదు. వద్దనాలంటే వయసు అరవై అయిదు దాటి ఉండాలి, లేదా ఆ పదవిని ఇదివరకే ఒకసారి మోసి ఉండాలి, లేదా ఊరు విడిచి పోవాలి. ఇవేవీ కాకపోతే నోరు మూసుకుని పంచాయతీ తాళంచెవి అందుకోవాల్సిందే.

అందుకే ఎన్నిక దగ్గరపడేకొద్దీ మా మగవాళ్ళకు ఉన్నట్టుండి తెలివి తగ్గిపోతుంది. వేసవిలో నీటి గొట్టాల మీద గంటలకొద్దీ వాదించినవాళ్ళు, అక్టోబరు వచ్చేసరికి రేపు వాన పడుతుందా అని అడిగినా నాకేం తెలుసంటారు. ఒకాయన చెవుడు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన కుంటడం మొదలుపెట్టాడు గానీ, ఏ కాలో మర్చిపోతూ ఉంటాడు. సభలో నాలుగు మాటలు తిన్నగా మాట్లాడినవాణ్ణే జనం ఎన్నుకుంటారని అందరికీ భయం.

అసలు మాదొక వేరే ఊరు ఎందుకైందన్నది కూడా చోద్యమే. పూర్వం మేము కింది లోయలోని వాల్డ్‌మాట్‌లో భాగం. గుడీ శ్మశానమూ అక్కడే. చలికాలం దారి మూసుకుపోతే ఇక్కడ పోయినవాళ్ళను పెట్టెలో పెట్టి ఇంటి కప్పు మీద మంచులో ఉంచి, వసంతం వచ్చాక కిందికి దించేవారట. మామగారు నెత్తిమీద ఉండగా కోడళ్ళు మూడు నెలలు వంట చేసుకోవడమన్నమాట. చివరికి విసుగెత్తి మావాళ్ళు సొంత గుడి కట్టుకున్నారు, సొంత శ్మశానం పెట్టుకున్నారు, దాంతో సొంత పంచాయతీ వచ్చింది. చచ్చినవాళ్ళ కోసం పుట్టిన ఊరు మాది. ఇప్పుడు బతికున్నవాళ్ళే చాలడం లేదు. అధ్యక్షుడు దొరక్కపోతే పై అధికారులు మమ్మల్ని మళ్ళీ వాల్డ్‌మాట్‌లో కలిపేస్తారు.

ఆ అక్టోబరులో అందరి చూపూ మా ఆయన బాల్ట్స్ మీద పడింది. ఆవుల్ని చక్కగా చూసుకుంటాడు, తాగి గొడవ చేయడు, ఎవరితోనూ తగాదా లేదు. ఇంతకంటే దురదృష్టం ఏముంటుంది? పాల కేంద్రం దగ్గర పంచాయతీ గుమాస్తా ఫ్రిడోలిన్ ఆయన భుజం తట్టి, "ఏం బాల్ట్స్, ఆరోగ్యం బాగుందా?" అని అడిగాడు. అంతే, ఆ పూట మా ఆయన భోజనం ముట్టలేదు. మాకరోనీలో బంగాళాదుంపలు, చీజ్ వేసి, పైన ఆపిల్ గుజ్జు పెట్టి ఎదురుగా ఉంచినా కదలలేదు.

"నా వల్ల కాదు ఒడీలీ. నాన్న సంగతి నీకు తెలుసుగా," అన్నాడు.

తెలియనివాళ్ళెవరు? మా మామగారు మెల్కియోర్ అధ్యక్షుడిగా ఉన్న ఏడు, క్రిస్మస్ ముందు మంచు విపరీతంగా పడింది. కొండ మీద నుంచి మంచు చరియ విరిగిపడుతుందని ఆయన ఊరి దారి మూయించాడు. పండగంతా మూసే ఉంచాడు. స్కీయింగ్‌కి రావాల్సినవాళ్ళంతా వేరే ఊళ్ళకు పోయారు. చరియ పడలేదు. పడి ఉంటే ఆయన్ను దేవుడనేవారు. పడలేదు కాబట్టి, వసంతంలో సభ పెట్టి ఇకముందు కూడా ఇలాగే మూద్దామని ఆయన అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. ఆ తర్వాత సత్రంలో ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ప్రతి ఆదివారం నలుగురితో పేకాడే మనిషి, పోయేదాకా ఆ బల్ల దగ్గర ఒంటరిగా గ్లాసు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ ఏడు నేను పట్నంలో హోటల్లో పని చేస్తున్నాను, కళ్ళారా చూడలేదు. బాల్ట్స్ చూశాడు.

పదవి తప్పించుకోవడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. మా ఇల్లు వాగుకి ఇటు. ఆవుల కొట్టం వాగుకి అటు. వాగే సరిహద్దు, కొట్టం ఉన్నది వాల్డ్‌మాట్ పంచాయతీలో. కొట్టం పైన గడ్డి అటక పక్కన పొయ్యి ఉన్న గది ఒకటుంది. బాల్ట్స్ తన నివాసం కాగితాలు అక్కడికి మార్పించుకుని, పరుపు భుజాన వేసుకుని వాగు దాటేశాడు.

"పెళ్ళాన్ని వదిలి ఆవుల దగ్గరికి కాపురానికి పోయిన మొగుణ్ణి నిన్నే చూస్తున్నా," అన్నాను.

"ఎన్నిక అయ్యేదాకానేగా," అన్నాడు. "భోజనానికి వస్తానులే."

"భోజనానికి మాత్రం మా ఊరు పనికొస్తుందన్నమాట."

వచ్చేవాడు. తిని, తలుపు దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ వాగు దాటి పోయేవాడు. ఫ్రిడోలిన్ తన కిటికీలోంచి రెండు పొగగొట్టాలూ చూస్తుంటాడని, నిజంగానే అక్కడ పొయ్యి వెలిగించి అక్కడే పడుకునేవాడు. నాకు నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది.

నవంబరు మొదటి ఆదివారం, పూజ అయ్యాక, సత్రం మేడ మీది హాల్లో సభ జరిగింది. ఓటున్నవాళ్ళు మధ్య బెంచీల మీద. లేనివాళ్ళు, పక్క ఊరివాళ్ళు, గోడవారగా. బాల్ట్స్ గోడవార కూర్చుని, గండం గట్టెక్కినవాడిలా కాళ్ళు చాపుకున్నాడు. ఫ్రిడోలిన్ పేర్లు చెప్పండన్నాడు. అందరూ తమ బూట్లను మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. ఉన్న మగవాళ్ళలో సగం మంది అరవై అయిదు దాటారు, మిగిలినవాళ్ళు ఒకసారి మోసినవాళ్ళు, లేదంటే చెవుడో కుంటో తెచ్చుకున్నవాళ్ళు. ఒక్కడే మిగిలాడు, వాడు గోడవార ఉన్నాడు.

అప్పుడు సత్రం నడిపే హెడ్విగ్, కాఫీ కప్పులు ఏరుకుంటూ ఏరుకుంటూ, "ఒడీలియా ఉందిగా," అంది.

అందరూ బూట్ల మీంచి తలెత్తారు. నిజం చెబుతున్నా, ఆ మాట అప్పటిదాకా ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇక్కడ ఆడవాళ్ళకు ఓటు చాలా ఆలస్యంగా వచ్చింది, మా అమ్మకు వచ్చేసరికి నేను బడికి పోతున్నాను. అంతకుముందు ఆవిడ ఇదే హాల్లో వెనక పొయ్యి దగ్గర నిలబడి, నాన్న ఎప్పుడు చెయ్యెత్తాలో దగ్గి చెప్పేది. ఓటు వచ్చి ఇన్నేళ్ళయినా, చెయ్యెత్తడం వరకే ఆడవాళ్ళదని, మెడకు పడే కాడి మగవాళ్ళదని మా ఊళ్ళో ఒక అలవాటు. బాల్ట్స్ వంద రకాలుగా ఆలోచించి వాగు దాటాడు గానీ, ఇటుపక్క ఇంట్లో పెళ్ళాం ఉందని మర్చిపోయాడు.

చేతులు ఒక్కసారిగా లేచాయి. అంత సంబరంగా మా ఊరు ఏ విషయంలోనూ చేతులెత్తలేదు. గోడవార బాల్ట్స్ ముఖం పాలిపోయింది.

ఆ మధ్యాహ్నమే కొట్టంలో నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"పరుపు తెచ్చేసుకో. రేపు వాల్డ్‌మాట్ వెళ్ళి నీ కాగితాలు కూడా మార్పిద్దాం. ఐదు నిమిషాల పని."

"ఇద్దరం ఆవుల మీద అటకలో ఉందామా?"

"నవ్వకు ఒడీలీ. వాళ్ళు నిన్నూ అలాగే చేస్తారు. ఇవాళ చేతులెత్తినవాళ్ళే రేపు నీ పక్కన కూర్చోరు. నాన్నకు చేసింది నీకు చేస్తే నేను చూడలేను."

ఆ మాటకు నాకు జాలేసింది. భయం కూడా వేసింది. అయినా ఇంకోటి అంతకంటే ఎక్కువగా ఉంది, దాన్ని దాచడం ఎందుకు: నాకు చూడాలనుంది. ఆ పంచాయతీ ఇల్లు చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, బయటినుంచి. లోపల ఏముందో, ఏం చేస్తారో నాకు తెలియదు. ఆమాటే చెప్పాను.

"ఏముంటుంది, దుమ్ముంటుంది," అన్నాడు.

తాళం తీసి చూస్తే నిజంగానే దుమ్ముంది. పలకలు పగిలిన పొయ్యి, ఎనిమిది కుర్చీల బల్ల, పైన దూలానికి వేలాడదీసిన, మంచు మీద లాగే పొడవాటి స్లెడ్జి బండి. అది దేనికని ఫ్రిడోలిన్‌ను అడిగితే, కప్పుల మీద ఉంచినవాళ్ళను వసంతంలో కిందికి లాక్కుపోయింది దాని మీదేనన్నాడు. "కూర్చుని చూస్తావా?" అని నవ్వాడు. కూర్చోలేదు గానీ, చేత్తో నిమిరి చూశాను. కర్ర ఎంత నున్నగా ఉందో.

ఆ చలికాలమంతా నేను అడిగిన ప్రశ్నలకు ఫ్రిడోలిన్ తల ప్రాణం తోకకొచ్చింది. ఊట నీరు ఎవరి పొలంలో పుడుతుంది, అడవిలో కట్టెల వాటాలు చీటీ తీసి ఎందుకు పంచుతారు, మంచు తోసే బండి సందు దగ్గర ఎందుకు ఆగిపోతుంది. "ఇన్నాళ్ళూ అధ్యక్షులు సంతకం పెట్టి ఇంటికి పోయేవాళ్ళు," అని సణిగేవాడు. "నీకు మొగుడు ఇంట్లో లేక తీరిక ఎక్కువైంది." కాగితాలు వెనక్కి మార్చుకుంటే ఏ అగ్నిమాపక దళానికో నాయకుణ్ణి చేసేస్తారని బాల్ట్స్ ఇంకా అవతలే ఉన్నాడు మరి. నేను పొద్దున్నే వాగు దాటి పాలు పితకడానికి పోవడం, ఆయన సాయంత్రం వాగు దాటి భోంచేయడానికి రావడం. చలికి గడ్డాన మంచు పట్టి వచ్చేవాడు.

అధ్యక్షులు ఏటా ఒక పూట బడిలో కూర్చుని చూడాలన్నది ఇక్కడి నియమం. ఎవరూ పాటించింది లేదు. నేను ఫిబ్రవరిలో పోయాను. బడిలో నలుగురే పిల్లలు. ముగ్గురు ఒకే ఇంటివాళ్ళు, ఒకే కాన్పులో పుట్టిన పెద్దవాళ్ళు, వేసవితో చదువు ముగించి కింది బడికి పోతారు. నాలుగోది ఒకటో తరగతి పిల్ల, లెవీనా. పాల కేంద్రంలో పనిచేసే యూడిత్ కూతురు.

ఆటల వేళ పెద్దవాళ్ళు మంచులో బంతి తన్నుకుంటున్నారు. లెవీనా ఒక్కతే ఊగుడుబల్ల మీద ఉంది. రెండో కొసన తన పుస్తకాల సంచిలో రాళ్ళు నింపి కట్టింది.

"అదేంటే?" అన్నాను.

"నా బరువంత రాళ్ళు. ముందు తక్కువ పెట్టాను, నేనే కింద ఉండిపోయా. తర్వాత ఎక్కువైపోయాయి, పైన ఉండిపోయా. దిగడానికి టీచరు రావాల్సొచ్చింది. ఇప్పుడు సరిపోయాయి."

"బాగా ఊగుతోందా?"

"ఊగుతుంది. కానీ రాళ్ళు కాళ్ళతో తన్నవు కదా. అన్నిసార్లూ నేనే తన్నాలి," అంది.

ఏడుపు గొంతుతో కాదు. ఒక సంగతి కనిపెట్టిన మనిషిలా చెప్పింది. వేసవి దాటాక ఆ బడిలో ఆ పిల్ల, టీచరు, ఆ రాళ్ళు. కింద వాల్డ్‌మాట్ బడిలో ఆ పిల్ల తరగతిలో పద్దెనిమిది మంది ఉన్నారు, బస్సులో పావుగంట.

యూడిత్ దగ్గరికి పోయి అడిగాను. పాల డబ్బాలు కడుగుతూ, అటూ ఇటూ చూసి, "పంపాలనే ఉంది ఒడీలియా. కానీ నేను ఆ మాటంటే బడి మూయించింది యూడిత్ అంటారు. నేను ఇక్కడ బతకొద్దా?" అంది.

"నువ్వనొద్దు. నేనంటాను."

ఫ్రిడోలిన్‌తో చెబితే పెన్ను కింద పెట్టేశాడు. "బడి మూస్తే ఊరు మూసినట్టే. పోస్టాఫీసు పోయింది, కొట్టు పోయింది. మిగిలింది గుడి, సత్రం, బడి. మెల్కియోర్ దారి మాత్రమే మూశాడు, నువ్వు అంతకంటే పెద్దది మూస్తానంటున్నావు. బాగా ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. బడి పోవడం నాకూ ఇష్టం లేదు, నేను చదివిందీ అక్కడే. కానీ గోడలు నిలవడం కోసం ఒక పిల్లను రాళ్ళతో ఆడుకోమనడం నాకు చేతకాలేదు. వసంత సభలో ఆ ప్రతిపాదన పెట్టమన్నాను.

వార్త ఊరంతా పాకింది. పాల కేంద్రం దగ్గర నేను రాగానే మాటలు ఆగిపోయేవి. హెడ్విగ్ సత్రంలో నాకు కాఫీ పెట్టి, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేది. నా బల్ల దగ్గరికి రావడం అందరూ మానేశారు. ఇది ఇలా ఉంటుందా అని మొదట వింతగా చూశాను. రెండో వారానికి వింత పోయింది, బాధే మిగిలింది.

సభ ముందు గురువారం పొద్దున కొట్టంలో పాలు పితుకుతుంటే బాల్ట్స్ ఆవు అవతలి నుంచి అన్నాడు.

"విరమించుకోరాదూ."

"నువ్వూ అంటున్నావా?"

"నీకు ఒక్క చెయ్యి కూడా లేవదు. నాన్నకు లేచిందా?"

"మీ నాన్నకు ఆ రోజు ఎవరో ఒకరు ఎత్తి ఉంటే బాగుండేది," అన్నాను. ఊరికే అన్నాను.

బాల్ట్స్ బకెట్లో పాల చప్పుడు ఆగింది.

"నాకు ఇరవై ఏళ్ళు నిండాయి అప్పటికి," అన్నాడు. "మొదటి సభ అది నాకు. రెండో వరసలో, దోస్తుల మధ్య కూర్చున్నా. నాన్న హాలంతా చూసి, చివర్న నా వైపు చూశాడు. అడగలేదు. చూశాడంతే. నేను బూట్లు చూసుకున్నా."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట నాకు చెప్పలేదు. పదవికి భయపడి పరుపు మోసుకుపోయాడని ఎగతాళి చేశాను. ఆయన పారిపోయింది ఆ హాలు నుంచి. ఆవు మీదుగా చెయ్యి చాచి ఆయన టోపీ సరిచేశాను.

"ఇంటికెళ్ళాక మీ నాన్న ఏమన్నాడు?" అని కాసేపటికి అడిగాను.

"సూపు చల్లారిపోతుందన్నాడు."

ఆదివారం హాలు నిండిపోయింది. అధ్యక్షురాలి కుర్చీలోంచి చూస్తే జనం ఎలా ఉంటారో ఆ రోజు తెలిసింది. అందరి ముఖాలూ కనిపిస్తాయి, ఒక్కరి కళ్ళూ దొరకవు. లెవీనా గురించి పేరు చెప్పకుండా చెప్పాను. బస్సు గురించి చెప్పాను. తర్వాత వెనక నుంచి ఒకాయన లేచి, "రేపు శ్మశానం కూడా కిందికి పంపుతావా, చచ్చినవాళ్ళను కప్పులెక్కిద్దామా మళ్ళీ?" అన్నాడు. హాలంతా నవ్వింది. హెడ్విగ్ మరీ గట్టిగా నవ్వింది.

నా కళ్ళు గోడవారకు పోయాయి. బాల్ట్స్ చోటు ఖాళీ. రాలేదనుకున్నాను. రాకపోవడమే మంచిదనీ అనుకున్నాను. ఆ అనుకోవడం లోపల ఎంత నొప్పి పెట్టిందో చెప్పలేను.

"బడి మూసి, పిల్లల్ని వాల్డ్‌మాట్ పంపడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు. యూడిత్ ఒళ్ళో చేతులు బిగించి పట్టుకుంది. ఫ్రిడోలిన్ పెన్ను తీశాడు.

నేను వెతకని రెండో వరసలో, ముందువాళ్ళ భుజాల వెనక నుంచి చెయ్యి లేచింది. మోచెయ్యి తిన్నగా, పైకంటా. బాల్ట్స్.

"ఆయన వాల్డ్‌మాట్ మనిషి, ఓటెక్కడిది?" అని ఎవరో అరిచారు.

ఫ్రిడోలిన్ తలెత్తకుండానే చెప్పాడు. "శుక్రవారం నాడు కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాడు. మన ఊరివాడే. ఓటు చెల్లుతుంది." తర్వాత నా వైపు వంగి, "నీకు చెప్పొద్దన్నాడు," అని గొణిగాడు.

బాల్ట్స్ ముఖం ఎర్రబడిపోయింది. పక్కవాళ్ళు ఆయనకు దూరంగా జరిగారు, బెంచీ మీద అటు ఇటు ఖాళీ వచ్చింది. ఆయన చెయ్యి దించలేదు. అప్పుడు యూడిత్ చెయ్యి లేచింది, సగం వరకే, తర్వాత పూర్తిగా. పొయ్యి దగ్గర ముసలమ్మలు ఇద్దరు ఎత్తారు. ఆ ముగ్గురు పెద్ద పిల్లల తండ్రి ఎత్తాడు. ఇంకా అక్కడక్కడా. ఫ్రిడోలిన్ రెండుసార్లు లెక్కపెట్టాడు. వ్యతిరేకులవీ రెండుసార్లు లెక్కపెట్టాడు. మూడు చేతుల తేడాతో ప్రతిపాదన నెగ్గింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కసి తీరక ఆ పూటే బాల్ట్స్‌ను అగ్నిమాపక దళానికి నాయకుణ్ణి చేసి పారేశారు.

సభ అయ్యాక అందరూ మెట్లు దిగి సత్రంలో కూర్చున్నారు. మేమూ దిగాం. మూల బల్ల ఖాళీగా ఉంది, మిగతావన్నీ నిండాయి. మా మామగారు కూర్చున్నది ఆ బల్ల దగ్గరే. హెడ్విగ్ రెండు గ్లాసులు తెచ్చి పెట్టి, మాట్లాడకుండా పోయింది. చుట్టూ వీపులే కనిపిస్తున్నాయి. చెయ్యెత్తిన యూడిత్ కూడా కూతుర్ని తీసుకుని వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టలేకపోయాను.

బాల్ట్స్ చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు.

"ఇంటికి పోదామా?" అన్నాను. "పాలవేళ కూడా అవుతోంది."

ఆయన గదంతా ఒకసారి చూశాడు, వీపుల వెంట, మెల్లగా.

"వద్దు," అన్నాడు. "ఇక్కడే కూర్చుందాం. నాన్న పక్కన ఒక్క పూట కూడా కూర్చోలేదు నేను."

కుర్చీ నా వైపు జరుపుకుని, గ్లాసు ఎత్తాడు. మేము ఆ గ్లాసులు చాలా నెమ్మదిగా తాగాం.